మిర్చి బస్తాకు ట్యాగు, కోల్డ్ స్టోరేజీకి సెన్సరు: లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ తప్పుతుంది

క్లుప్తంగా: ఏ బస్తా, ఎక్కడ, ఎప్పుడు అన్నది ట్యాగు చెబుతుంది. సరుకు ఎలా ఉందన్నది సెన్సరు చెబుతుంది. ఆ బస్తా ఇప్పుడు ఎవరిది, దాని మీద అప్పుందా, బయటికి వదలొచ్చా అన్నవి ఆఫీసు ఖాతాలోనే ఉంటాయి. ఈ మూడూ గేటు దగ్గర కలవనంత వరకు పరికరాల మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. వరంగల్ మిర్చి, పత్తి, వడ్ల వ్యాపారాల్లో ఈ కలయిక ఎలా జరగాలి, ఎక్కడ చెడుతుంది అన్నది ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇప్పుడే ఎందుకు

జనవరి నుంచి మే దాకా వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తుతుంది. ఆ రోజు ధర నచ్చని రైతు, ముందు ముందు పెరుగుతుందని చూసే ఖరీదుదారు ఇద్దరూ బస్తాలను కోల్డ్ స్టోరేజీకి తోలతారు. అక్కడ లోపలికి పోయిన బస్తా నెలల తర్వాత బయటికి వస్తుంది. ఈలోగా బాండు (కోల్డ్ స్టోరేజీ ఇచ్చే రసీదు) చేతులు మారుతుంది, బ్యాంకులో తాకట్టు పడుతుంది, సగం లాటు (ఒకే పద్దు కింద పెట్టిన బస్తాలు) అమ్ముడవుతుంది. సంచి మీద రంగుతో రాసిన లాటు నంబరు, రిజిస్టర్‌లో గుమాస్తా రాసిన పద్దు, ఈ రెండే ఇన్నేళ్లూ దానికి ఆధారం.

ఇప్పుడు కొనేవాళ్ల ప్రశ్నలు మారాయి. యూరోపియన్ యూనియన్‌కు వెళ్లే ఎండుమిర్చిలో బూజు నుంచి పుట్టే విషం అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఒక కన్‌సైన్‌మెంట్‌లో బూజు విషం తేలితే, ఏ రైతు, ఏ లాటు, ఏ తేదీ అని వెనక్కి వెతకగలగాలి. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో అమ్మే బస్తా నిజంగా ఆ ప్రాంతపుదేనని చూపించాల్సిన అవసరం కూడా దానితోనే వచ్చింది. పత్తిలో ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్ తన బేళ్లకు (నొక్కి కట్టిన దూది మూటలకు) క్యూఆర్ కోడ్ పెడుతోంది. దాంతో మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు పరికరాలు అమ్మేవారి రాకపోకలు పెరిగాయి. పరికరం కొంటే లెక్క దానంతట అదే కుదురుతుందన్న నమ్మకం దగ్గరే గందరగోళం మొదలవుతోంది.

ఏ ట్యాగు ఏ పనికి

క్యూఆర్ కోడ్ కంటికి కనిపించాలి. స్కానర్‌ను దాని ఎదుట పెట్టాలి, ఒకసారికి ఒకటే చదువుతుంది. ముద్రణ ఖర్చు చాలా తక్కువ, ఫోనుతోనూ చదవొచ్చు. ఫోనును దగ్గరికి తాకిస్తే చదివే ఎన్‌ఎఫ్‌సీ ట్యాగు 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, దూరం కొన్ని సెంటీమీటర్లే. కారు అద్దం మీది ఫాస్టాగ్ మూడో రకం: బ్యాటరీ ఉండదు, రీడర్ పంపే రేడియో తరంగం శక్తితోనే మేల్కొని తన నంబరు చెబుతుంది. దీన్ని యూహెచ్‌ఎఫ్ ఆర్‌ఎఫ్‌ఐడీ అంటారు. అనుకూలమైన చోట కొన్ని మీటర్ల దూరం నుంచి, ఒకేసారి పదుల కొద్దీ ట్యాగులను చదవగలదు.

ఈ మూడో రకానికి శత్రువులు రెండు. నీరు తరంగాన్ని పీల్చేస్తుంది, లోహం తిప్పికొడుతుంది. ఎండుమిర్చిలో తేమ పది, పన్నెండు శాతమే కాబట్టి ఒక్క బస్తా విడిగా వస్తే ట్యాగు బాగానే పలుకుతుంది. అదే బస్తా పది వరుసల నెట్టు (బస్తాల దొంతర) మధ్యలో ఉంటే పలకదు. నెట్టు మొత్తాన్ని దూరం నుంచి ఒక్క ఊపులో లెక్కపెట్టొచ్చన్న మాట మిర్చి గోదాములో నిలబడదు. బస్తాలు కదిలే దారిలో, ఒకటి రెండుగా వచ్చే చోటే రీడర్ పెట్టాలి.

దిగుమతి రీడర్ల విషయంలో మరో జాగ్రత్త. మన దేశంలో ఈ పనికి లైసెన్సు లేకుండా వదిలిన బ్యాండు 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. అమెరికా మార్కెట్‌కు తయారైన రీడర్ 902 నుంచి 928 మధ్య పలుకుతుంది. ఇక్కడ అది చట్టవిరుద్ధం, పైగా మొబైల్ సిగ్నళ్లతో గొడవ. సెట్టింగుల్లో ప్రాంతం ఇండియా అని ఉందో లేదో బిగించే ముందే చూడాలి.

లెక్క చెడేది ట్యాగు కట్టేటప్పుడే

అన్నిటికంటే ముఖ్యమైన నిమిషం ఇదే. ట్యాగులో ఉండేది ఒక నంబరు మాత్రమే. ఆ నంబరుకు రైతు పేరు, ఊరు, రకం, తూకం, తేమ, తేదీ జత అయ్యే చోట తప్పు దొర్లితే, ఆ తర్వాత ఎన్ని రీడర్లు పెట్టినా తప్పునే వేగంగా చేరవేస్తాయి.

ఈ జత కాంటా దగ్గరే జరగాలి. దడ్వాయి (తూకం వేసే వ్యక్తి) బస్తాను కాంటా మీద పెట్టగానే తూకం యంత్రం నుంచి నేరుగా కంప్యూటర్‌కు రావాలి. అదే క్షణంలో ట్యాగు నంబరు చదవాలి. రైతు, లాటు వివరాలు ముందే తెర మీద తెరిచి ఉండాలి. తూకం కాగితం మీద రాసుకుని సాయంత్రం ఎక్కిస్తామంటే పాత రిజిస్టర్‌కూ దీనికీ తేడా లేనట్టే. రకం పేరును టైపు చేయనివ్వకూడదు. ‘తేజ’, ‘తేజా’, ‘తేజ ఏసీ’ అని ముగ్గురు మూడు రకాలుగా కొడితే కంప్యూటర్ వాటిని మూడు సరుకులుగా చూస్తుంది. తేజ, వండర్ హాట్, యూఎస్-341, చపాటా, తాలు (రంగు పోయిన నాసి మిర్చి) అంటూ ఖాయం చేసిన జాబితా నుంచి ఎంచుకునేలా పెట్టాలి.

రైతు ఆధార్ నంబరు, ఫోన్ నంబరు ట్యాగులో రాయకూడదు. రీడర్ ఉన్న ఎవరైనా చదవగలరు. ట్యాగులో నంబరు, మిగతా అంతా సర్వర్‌లో.

ఇక కట్టే పద్ధతి. గోనె సంచి మీద స్టిక్కర్ నిలవదు. జనపనార నూగు జిగురును పట్టనివ్వదు. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ లేబుల్‌ను సంచి మూతి కుట్టులోనే కలిపి కుట్టాలి. హమాలీల కొక్కెం పడే మూలలకు దూరంగా, మూతి మధ్యలో ఉండాలి. వేడికి నల్లబడే బిల్లు కాగితం లాంటి లేబుల్ ఎండలో రెండు రోజులకే చదవరాకుండా పోతుంది, రిబ్బన్‌తో ముద్రించే రకం తీసుకోవాలి. చల్లని గదిలోంచి బస్తా మే నెల ఎండలోకి రాగానే దాని మీద చెమ్మ పడుతుంది. మామూలు ఇంకు అప్పుడు కారిపోతుంది.

సంచి చినిగితే సరుకును కొత్త సంచిలోకి మారుస్తారు. పాత ట్యాగును రద్దు చేసి, కొత్తదాన్ని అదే పద్దుకు కలిపే చిన్న పని తెర మీద ఒక బటన్‌గా ఉండాలి, లేకపోతే ఎవరూ చేయరు. ఖాళీ సంచులు మరుసటి సీజన్‌లో తిరిగొస్తాయని మరవకూడదు. నిరుటి ట్యాగు కుట్టులోనే ఉండిపోతే ఒకే బస్తా రెండు నంబర్లు పలుకుతుంది.

గేటు దగ్గర రీడర్

బస్తాలు దించే దారికి రెండు వైపులా యాంటెనాలు పెడతారు. ట్యాగు ఏ వైపు తిరిగి వస్తుందో తెలియదు కనుక సర్క్యులర్ పోలరైజ్డ్ యాంటెనా కావాలి. రీడర్ ఒకే ట్యాగును సెకనుకు ఎన్నోసార్లు చదువుతుంది. ‘పది సెకన్లలోపు మళ్లీ వస్తే పాతదే’ అన్న నియమం సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే 200 బస్తాల లారీ వేల పద్దులవుతుంది. లోపలికి పోతోందా, బయటికి వస్తోందా అన్నది ముందు ఏ యాంటెనా చూసింది, తర్వాత ఏది చూసింది అన్న వరుసను బట్టి తేలుతుంది.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది చదవకపోవడం కాదు, చదవకూడనిది చదవడం. గేటు పక్కనే పేర్చిన బస్తాల ట్యాగులు కూడా పలికి, కదలని సరుకు కదిలినట్టు నమోదవుతుంది. మొదటి మందు రీడర్ పవర్ తగ్గించడం, రెండోది పక్కన రేకు అడ్డు పెట్టడం, మూడోది గేటు దగ్గర నెట్టు వేయకుండా నేల మీద పసుపు గీత గీసి ఖాళీగా ఉంచడం. ఈ మూడోది ఖర్చు లేనిది, అందుకే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే.

లారీలో 200 ఉంటే 197 పలికాయనుకుందాం. మిగతా మూడింటి సంగతి ఎవరు తేలుస్తారో ముందే రాసి ఉండాలి. లెక్క కలిసేదాకా గేట్‌పాస్ రాకూడదు. చేతి స్కానర్‌తో ఆ మూడింటి క్యూఆర్ చదివి పూర్తి చేయాలి. అందుకే ఆర్‌ఎఫ్‌ఐడీ లేబుల్ మీదే క్యూఆర్, దాని కింద కంటితో చదివే అంకెలు కూడా ముద్రించాలి.

లోపల ఏ బస్తా ఎక్కడుందో తెలుసుకోవడానికి గదినిండా రీడర్లు అక్కర్లేదు. ప్రతి ఖానాకు (బస్తాలు పేర్చే గడికి) ఒక క్యూఆర్ పలక కడితే చాలు. ముఠా మేస్త్రీ ముందు ఖానా పలకను, తర్వాత బస్తాలను స్కాన్ చేస్తాడు. హమాలీలకు కూలి బస్తాల లెక్కన వస్తుంది. బస్తాకు ఐదు సెకన్లు ఆలస్యమైతే 200 బస్తాలకు దాదాపు 17 నిమిషాలు పోతాయి, ఆ నష్టం వాళ్ల మీద పడుతుంది. కూలి రేటులో దానికి లెక్క కట్టకుండా పద్ధతి మార్చితే స్కానింగ్ వారం తిరక్కుండానే ఆగిపోతుంది. తప్పు వాళ్లది కాదు.

బస్తా కదలదు, యజమాని మారతాడు

రైతు వంద బస్తాలు పెట్టి, అరవై అమ్మాడనుకుందాం. బాండు రెండుగా చీలింది, అరవై బస్తాల యజమాని మారాడు. కానీ ఏ బస్తా అంగుళం కూడా కదల్లేదు, ఏ రీడరూ పలకలేదు. మిగిలిన నలభై మీద రైతు బ్యాంకు అప్పు తీసుకున్నాడు. అది కూడా ట్యాగుకు తెలియదు.

అంటే బస్తాకు రెండు చరిత్రలు ఉంటాయి. కదిలిన చరిత్ర గేటులో పుడుతుంది, హక్కు చరిత్ర ఆఫీసులో పుడుతుంది. చాలాచోట్ల మొదటిది కొత్త సాఫ్ట్‌వేర్‌లో, రెండోది ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో లేదా చిట్టాలో విడివిడిగా ఉండిపోతుంది. తాకట్టులో ఉన్న బస్తా గేటు దాటుతుంటే ఎర్రదీపం వెలగాలంటే రెండూ ఒకే నంబరు మీద కలవాలి. ఆఫీసులో అమ్మకం నమోదైతే ఏ అరవై నంబర్లు అన్నది కూడా అప్పుడే ఖాయం కావాలి. ‘వందలో అరవై’ అని వదిలేస్తే మంచి రంగున్నవి ఎవరికి, తాలు ఎవరికి అన్న తగాదా బస్తాలు తీసే రోజు మొదలవుతుంది.

వేర్‌హౌసింగ్ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన గిడ్డంగులు ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తాయి. దాని మీద బ్యాంకులు అప్పిస్తాయి. బస్తా స్థాయి లెక్క పక్కాగా ఉన్న గిడ్డంగికి ఈ రసీదు ఇవ్వడం సులువు. రైతుకు నేరుగా ఉపయోగపడే ఫలితం ఇదేనని చెప్పవచ్చు: ధర పడిన రోజు అమ్ముకోకుండా, సరుకు మీద అప్పు తీసుకుని ఆగగలగడం.

సెన్సర్లు: ఎక్కడ పెట్టాలి, ఏం చేయాలి

ఎండుమిర్చి రంగు, ఘాటు నిలవాలంటే గదిని సాధారణంగా 4 నుంచి 8 డిగ్రీల మధ్య, గాలి తేమను 60 నుంచి 70 శాతం మధ్య ఉంచుతారు. ఒకే ఒక థర్మామీటర్‌ను కూలింగ్ ఫ్యాన్ ఎదుట పెడితే అది ఎప్పుడూ మంచి అంకెనే చూపుతుంది. నాలుగు అంతస్తుల గదికి ప్రతి అంతస్తులో ఫ్యాన్ దగ్గర, నెట్టు మధ్యలో, తలుపు దగ్గర మూడు చొప్పున పన్నెండు, బయటి వాతావరణానికి ఒకటి, మొత్తం పదమూడు కావాలి. నెట్టు మధ్యది గాలిలో వేలాడకూడదు, బస్తా లోపలికి దిగాలి. తలుపు తీస్తే గాలి నిమిషాల్లో వేడెక్కుతుంది, బస్తా గంటలు తీసుకుంటుంది. సరుకుకు హాని జరిగిందా లేదా అన్నది బస్తా లోపలి అంకె చెబుతుంది.

పది నిమిషాలకు ఒక రీడింగ్ అంటే సెన్సరుకు రోజుకు 144, పదమూడింటికి 1,872. ఒక్కో రీడింగ్ యాభై బైట్లనుకున్నా వంద కిలోబైట్లు దాటదు. మామూలు సిమ్ కార్డు చాలు. ఇబ్బంది డేటా పరిమాణంతో కాదు, గోడలతో. రేకు తొడిగిన ఇన్సులేషన్ గోడలు సిగ్నల్‌ను ఆపేస్తాయి కాబట్టి యాంటెనాను గది లోపల ఉంచి, తీగను బయటి గేట్‌వే (రీడింగులను సేకరించి సర్వర్‌కు పంపే పెట్టె) దాకా లాగాలి. కరెంటు, నెట్ పోయినప్పుడు రీడింగులు గేట్‌వేలోనే నిల్వ ఉండి తర్వాత వెళ్లాలి. గేట్‌వే గడియారానికి సొంత బ్యాటరీ ఉండాలి. లేకపోతే కరెంటు వచ్చాక తేదీలు తారుమారవుతాయి.

హెచ్చరిక ఎప్పుడు రావాలన్నది విడిగా కూర్చుని తేల్చాలి. 8 డిగ్రీలు దాటగానే ఫోన్ మోగితే, లోడింగ్ రోజున ముప్పై సార్లు మోగుతుంది. నాలుగో రోజుకు ఆపరేటర్ ఫోన్‌ను సైలెంట్‌లో పెడతాడు. గాలి 10 డిగ్రీల పైన అరగంట ఉంటేనో, బస్తా లోపల 8 దాటితేనో మోగాలి. 7కు దిగాకే ఆగాలి. మొదటి ఫోన్ ఆపరేటర్‌కు, పావుగంటలో స్పందన లేకపోతే మేనేజర్‌కు.

అమ్మోనియాతో నడిచే ప్లాంటులో గ్యాస్ సెన్సర్ ప్రాణాలకు సంబంధించినది. పది లక్షల వంతుల గాలిలో 25 వంతుల దగ్గర మొదటి హెచ్చరిక పెట్టడం వాడుక. 300 వంతులు వెంటనే ప్రాణాపాయం కలిగించే స్థాయి. అమ్మోనియా గాలికంటే తేలిక కాబట్టి మిషన్ గదిలో పైకప్పు దగ్గర పెడతారు. ఈ సెన్సర్లలోని రసాయన కణం రెండు మూడేళ్లలో అరిగిపోతుంది. అరిగినది సున్నా చూపుతూ ఉంటుంది, అంటే అంతా బాగుందన్నట్టే కనిపిస్తుంది. మార్చాల్సిన తేదీని పెట్టె మీదే రాయాలి.

తక్కిన సెన్సర్ల పరీక్ష ఇంటి సామగ్రితోనే చేయవచ్చు. దంచిన మంచు, కొద్దిగా నీళ్లు కలిపిన గ్లాసులో ఉష్ణోగ్రత ప్రోబ్ సున్నా చూపాలి. గాలి చొరబడని డబ్బాలో ఉప్పును తడిపి ముద్దగా పెట్టి, పూర్తిగా కరగనివ్వకుండా, తేమ సెన్సర్‌ను పక్కన రాత్రంతా ఉంచితే 25 డిగ్రీల దగ్గర 75 శాతం చూపాలి. మిర్చి దుమ్ము పట్టిన సెన్సర్ ఈ పరీక్షలో తప్పుతుంది. సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి చేయాలి.

తూకంలో వచ్చే తేడా దొంగతనమేనా

బస్తా లోపలికి పోయినప్పటి తూకం, వచ్చినప్పటి తూకం అరుదుగా కలుస్తాయి. 10 శాతం తేమతో 45 కిలోల బస్తాలో ఎండు పదార్థం 40.5 కిలోలు. గదిలో తేమ పీల్చి 11 శాతానికి చేరితే బస్తా 45.5 కిలోలవుతుంది. వంద బస్తాలకు యాభై కిలోల తేడా, ఎవరూ ఏమీ కలపకుండానే. ఎండితే ఇదే లెక్క తిరగబడుతుంది. తేమ రీడింగ్ లేకుండా తూకం ఒక్కటే ఆటోమేటిక్ చేస్తే ఈ సహజమైన తేడా తగాదాగా మారుతుంది. రెండూ కలిసి నమోదైతే తరుగు ఎంత న్యాయమో చూపించవచ్చు.

కాంటాను, వేబ్రిడ్జిని కంప్యూటర్‌కు కలిపేటప్పుడు తూనికలు కొలతల శాఖ వేసిన సీలు విప్పకూడదు. ఇండికేటర్ (అంకెలు చూపే పెట్టె) వెనక కంప్యూటర్‌కు తీగ కలిపే సీరియల్ పోర్టు ఉంటుంది, తూకం అక్కడినుంచి తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ తూకం యంత్రాలకు పన్నెండు నెలలకోసారి ముద్ర తప్పనిసరి. వేబ్రిడ్జి మీద లారీ చక్రం కొద్దిగా బయట ఉన్నా తూకం తగ్గుతుంది. రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు పెట్టి, లారీ పూర్తిగా ఎక్కితేనే అంకె నమోదయ్యేలా చేయాలి.

పత్తికి ఒక లెక్క, వడ్లకు మరో లెక్క

పత్తిలో డబ్బంతా తేమ అంకె చుట్టూ తిరుగుతుంది. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు, 8 శాతం తేమకు. ఆపైన ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోత, 12 దాటితే కొనరు. 12 శాతం దగ్గర ధర 7,785.60. మీటర్ ఒక్క శాతం తప్పు చూపితే క్వింటాకు 81.10 రూపాయలు, ఇరవై క్వింటాళ్ల ట్రాలీకి 1,622 రూపాయలు అటో ఇటో పోతాయి. కుప్ప పైభాగం ఎండకు ఆరి ఉంటుంది, లోపల తడి ఉంటుంది. కనీసం ఐదు చోట్ల తీసిన రీడింగులు చేతిరాత లేకుండా నేరుగా రసీదు మీదికి వస్తే అటు రైతుకు, ఇటు మిల్లుకు ఒకే అంకె కనిపిస్తుంది.

జిన్నింగ్ (గింజ తీయడం) తర్వాత బేలు సుమారు 170 కిలోలు. వ్యాపారం వంద బేళ్ల లాటుగా నడుస్తుంది. బేలుకు ప్రెస్ నంబరు ముందునుంచే ఉంది కాబట్టి ట్యాగుకు కావాల్సిన గుర్తింపు సిద్ధంగా ఉన్నట్టే. ఇనుప తీగలు కట్టిన బేలు మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు తీగకు ఆనితే మూగబోతుంది, రెండు తీగల నడుమ బట్ట మీద ఉండాలి. బేలు స్థాయి దాకే ఆధారం దొరుకుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. మిల్లులో పది మంది రైతుల పత్తి ఒకే కుప్పలో కలిసిపోతుంది కనుక బేలు మీది కోడ్ ఆ రోజు కొన్న రైతుల జాబితాను చూపగలదు, ఒక్క రైతును చూపలేదు.

వడ్లలో బస్తాకు ట్యాగు గిట్టదు. 2025-26లో ‘ఏ’ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. 40 కిలోల బస్తా విలువ 955.60. మిర్చి బస్తా విలువ సాధారణంగా దీనికి ఎన్నో రెట్లు. పైగా వడ్లు మిల్లు గుంతలో పోయగానే బస్తా గుర్తింపు పోతుంది. ఇక్కడ ట్యాగు లారీకి ఉండాలి. కొనుగోలు కేంద్రంలో ట్రక్ షీట్ (లారీ సరుకు చీటీ) పుట్టినప్పుడు లారీ నంబరు, బస్తాలు, తేమ నమోదై, మిల్లు గేటు దగ్గర ఫాస్టాగ్ లాంటి ట్యాగుతో, వేబ్రిడ్జి తూకంతో సరిపోలాలి. మిల్లర్ క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం ప్రభుత్వానికి తిరిగివ్వాలి, ఉప్పుడు బియ్యమైతే 68. ఈ లెక్క తేలేది లారీల దగ్గరే.

ఏ వరుసలో మొదలుపెట్టాలి

యాభై వేల బస్తాల కోల్డ్ స్టోరేజీలో ఆర్‌ఎఫ్‌ఐడీ లేబుల్ ఎనిమిది రూపాయలనుకుంటే సీజన్‌కు లేబుళ్లకే నాలుగు లక్షలు. క్యూఆర్ లేబుల్ ఒక రూపాయి అనుకుంటే యాభై వేలు. మొదటి సీజన్‌లో క్యూఆర్, చేతి స్కానర్లతో మొదలుపెట్టి, గేటు దగ్గర రద్దీ తట్టుకోలేనప్పుడే ఆర్‌ఎఫ్‌ఐడీకి మారడం మేలు. పద్దుల పద్ధతి రెండింటికీ ఒకటే, కాబట్టి మొదట చేసిన పని వృథా కాదు.

పరికరం కొనకముందే రెండు వారాలపాటు మూడు అంకెలు రాసి పెట్టుకోవాలి: లారీ గేటులోకి వచ్చి వెళ్లడానికి పట్టిన సమయం, లెక్క కలవని బస్తాలు, బాండు తగాదాలు. ఇవి లేకుండా ఏడాది తర్వాత లాభం వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒక గదిని ఎంచుకుని, నెల నుంచి నెలన్నర దాకా రిజిస్టర్, స్కానింగ్ రెండూ నడపాలి. రోజూ సాయంత్రం రెండింటినీ పోల్చి, తేడా వచ్చిన ప్రతి బస్తాను లేచి వెళ్లి చూడాలి. వరుసగా రెండు వారాలు తేడా లేకపోతే రిజిస్టర్ ఆపవచ్చు. ఇదంతా జనవరికి ముందే అయిపోవాలి. ఎనుమాములకు మిర్చి దిగడం మొదలయ్యాక కొత్త పద్ధతి నేర్పడానికి హమాలీకి గానీ గుమాస్తాకు గానీ తీరిక ఉండదు.